నీలిదుస్తుల దళము: గుంపును శాంతపరచు విధానము



జనసమూహమన నెట్టిదో గ్రామపెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. తిరునాళ్లలో రథము కదలునపుడును, సంతలో పొద్దెక్కినపుడును, నీటి పంపకమునకై రెండూళ్లవారు చెరువుగట్టుపై నెదురెదురుగ నిలిచినపుడును, జనము గూడుటయు మరల విడిపోవుటయు మీరు పలుమారులు చూచినవారే. ఆ జనమే యొకప్పుడు భక్తితో గూడును. ఒకప్పుడు తమ కష్టమును చెప్పుకొనుటకు గూడును. ఒకప్పుడు కోపముతో రాళ్లు చేపట్టును. ఈ మూడింటికిని ఒకే మందు పనికిరాదు. గుంపును శాంతపరచుటకై ప్రత్యేకముగ శిక్షణము పొందిన పోలీసుదళ మొకటి మన దేశమున గలదు. అది యెట్లు పనిచేయును, దాని బలమునకు హద్దు లెవ్వి, అందు గ్రామపెద్దల పాలెంత అను విషయములను నేడు విన్నవించెదను.

మొట్టమొదట నొక మాట. జనులు గుమిగూడుట నేరము కాదు. ఆయుధములు లేక, శాంతముగ సమావేశమగుటకు ప్రతి పౌరునకును హక్కు గలదని మన రాజ్యాంగములోని 19వ అధికరణము చెప్పుచున్నది. అయిదుగురుగాని అంతకు మించినవారుగాని కూడి, బలప్రయోగముచేత నధికారులను బెదరించుట, ఒకరి సొత్తు నాక్రమించుట, నేరము చేయుట మొదలగు దురుద్దేశములతో నుండిన యెడలనే యది అక్రమ సమావేశమగును. అట్టి సమావేశములోని వా రెవరైనను ఆ యుద్దేశముతో బలాత్కారమునకు దిగినయెడల దానిని దొమ్మి యందురు. 2024 జూలై 1వ తేదీ మొదలుకొని అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ నిర్వచనములను పాత శిక్షాస్మృతినుండి యించుమించుగ నట్లే గ్రహించినది. కావున గుంపు నెదుట నిలిచిన పోలీసు అధికారి మొదట తన్ను తాను ప్రశ్నించుకొనవలసినది, "వీరెందరు?" అనికాదు, "వీ రేల వచ్చిరి?" అని.

ఇక నీ పనికి ప్రత్యేకదళ మేలనందురా? ఠాణాలోని పోలీసులు కొద్దిమంది. దొంగలను పట్టుట, తగవులు విచారించుట, గస్తీ తిరుగుట వారి నిత్యకృత్యము. వేలకొలది జనులు వీధికెక్కిన నాడు భయము పుట్టుట సహజము. భయపడినవాని చేతిలోని తుపాకి తొందరపడి పేలును. సైన్యమును పిలువవచ్చును గాని, శత్రువును సంహరించుటకు శిక్షణ పొందిన సైనికునిచేత సొంత ప్రజల నదలించు పని చేయించుట సైన్యమునకును మేలు కాదు, ప్రజలకును మేలు కాదు.

అంతకంటె పెద్దకారణ మింకొకటి గలదు. రెండు మతములవారు కలహించినపుడు పోలీసులు ఒక పక్షమువారని రెండవ పక్షమువారికి తోచినచో శాంతి నిలువదు. 1987 మే నెలలో ఉత్తరప్రదేశములోని మీరటు నగరమున మతకలహములు జరుగుచుండగా, ఆ రాష్ట్రపు సాయుధ పోలీసులు కొందరు హాషింపురా పేటనుండి ముస్లిములను లారీలో తీసికొనిపోయి, దాదాపు 40 మందిని కాల్చి కాలువలలో పడవైచిరి. ముప్పదియొక్క యేండ్ల తరువాత, 2018లో, ఢిల్లీ హైకోర్టు ఆ పోలీసులలో 16 మందికి యావజ్జీవ శిక్ష విధించినది. 1990వ సంవత్సరాంతమున మన హైదరాబాదు నగరము సైతము మతకలహములచే నెత్తురు చిందినది. రక్షింపవలసిన చేయియే పక్షపాతము వహించినచో ప్రజలెవరికి మొరపెట్టుకొందురు? ఏ పక్షమునకును చెందనిదని యందరును నమ్మదగిన దళము కావలసివచ్చినది.

అట్టి దళము కేంద్ర రిజర్వు పోలీసు బలమునుండి పుట్టినది. ఆ మాతృబలము 1939లో నీమచ్ పట్టణమున ఆంగ్ల ప్రభుత్వముచే వేరొక పేరుతో స్థాపింపబడి, 1949లో చట్టమూలమున నేటి పేరు వహించినది. అందలి పది బెటాలియనులు, 99 మొదలు 108 వరకు సంఖ్యలు గలవి, గుంపుల నదుపుచేయుటకై యేర్పడి 1992 అక్టోబరు 7న రంగమునకు దిగినవి. వీనికే రాపిడ్ యాక్షన్ ఫోర్సు, అనగా త్వరితకార్యదళమని పేరు. వానిలో మొదటిదైన 99వ బెటాలియను నివాసము మన హైదరాబాదే. తక్కినవి అహమ్మదాబాదు, ఢిల్లీ, కోయంబత్తూరు, భోపాలు, మీరటు మున్నగు నగరములందున్నవి. 2018లో మరి యయిదు బెటాలియనులు చేర్చగా మొత్తము పదునైదైనవి. ప్రజాశాంతిని గూర్చి శిక్షణమిచ్చు వీరి విద్యాలయము మీరటులోనే యుండుట గమనింపదగినది.

శాంతిభద్రతలు రాజ్యాంగమునుబట్టి రాష్ట్ర ప్రభుత్వముల బాధ్యత. కావున నీ దళము తనంత తాను వచ్చి వీధిలో నిలువదు. రాష్ట్రము కోరగా కేంద్రము పంపును. వచ్చిన పిమ్మట స్థానికాధికారులతో గలసి, వారి యవసరమునకు లోబడి పనిచేయును. నేరవిచారణము, అభియోగము మోపుట మొదలగునవి స్థానికపోలీసుల పనియే. చల్లారిన పిదప దళము తన నెలవునకు మరలవలెను. ఇంటికి నిప్పంటుకొన్ననాడు వచ్చినవారు ఆరిన పిమ్మట నింటిలో కాపురముండరు గదా!

ఈ దళపు కట్టుబాటు చక్కగ నాలోచించి యేర్పరచినది. ఇందలి మిక్కిలి చిన్న విభాగమునకు టీము అని పేరు; దానికొక ఇన్స్పెక్టరు నాయకుడు. ప్రతి టీములోను మూడు భాగములుండును. మొదటిది డాలును, లాఠీని ధరించి గుంపునకెదురుగ నిలుచునది. రెండవది బాష్పవాయువును ప్రయోగించునది. మూడవది తుపాకులు గలది. డాలు ముందును, తుపాకి వెనుకను ఉండు ఈ వరుసలోనే వారి నీతి యంతయు నిమిడియున్నది. ప్రతి కంపెనీలోను ఒక టీము స్త్రీలతో గూడియుండును. ఏలయన స్త్రీలు ముందునిలిచిన సమావేశమును పురుషులు చేయిపట్టి తొలగించుట మర్యాద గాదు, క్షేమమును గాదు. ఈ మాతృబలమునకు చెందిన స్త్రీలే 2007లో ఐక్యరాజ్యసమితి పక్షమున ఆఫ్రికాలోని లైబీరియా దేశమునకు బోయి, పోలీసు విధులు నిర్వహించిరి. కేవలము స్త్రీలతోడనే యట్టి పోలీసుదళము విదేశమునకు బోవుట లోకమున నదియే ప్రథమము. ఇక దళమువారి దుస్తుల రంగు నీలి. ఖాకీని చూడగనే కొందరికి పాతపగ జ్ఞప్తికి వచ్చును; నీలిరంగు శాంతికి గుర్తుగ నెన్నుకొనబడినది.

వీరి పనిలో సగము గుంపు కూడకమునుపే జరుగును. కలహములకు తావైన జిల్లాలకు శాంతికాలముననే వీరు వచ్చి, వీధుల యిరుకును, సందుల మలుపులను, దేవాలయములు మసీదులు ఉన్న తావులను, పూర్వము కలహము లెక్కడ నెందుచేత పుట్టెనను చరిత్రమును తెలిసికొందురు. ఊరి పెద్దలతో మాటలాడుదురు. వరుసదీరి వీధులవెంట నడచిపోవుదురు. దీనివలన దుర్జనునకు జంకును, సజ్జనునకు ధైర్యమును గలుగును. దారి తెలియనివాడు చీకటిలో ఎద్దును తోలినట్లు, ఊరి సంగతి తెలియని దళము గుంపును తోలినచో బండి గుంటలో పడును.

ఇక గుంపు గూడి ఉద్రేకించినదనుకొందము. అపుడు జరుగవలసిన క్రమమిది. మొదట మాట. గుంపులోని పెద్దలను పిలిచి వారి కోరిక వినుట, అధికారిని రప్పించుట, విజ్ఞప్తి పుచ్చుకొనుట. పెక్కు గుంపులు ఇంతటితోనే చల్లబడును. రెండవది ఆజ్ఞ. 2024లో అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 148వ సెక్షను ప్రకారము ఎక్జిక్యూటివ్ మేజిస్ట్రేటుగాని, ఠాణాధికారిగాని, ఆయన లేనిచో సబిన్స్పెక్టరునకు తక్కువగాని పోలీసు అధికారిగాని గుంపును విడిపొమ్మని యాజ్ఞాపింపవచ్చును. ఆ యాజ్ఞ యందరికిని వినబడవలెను. వారి భాషలో నుండవలెను. పాటించుటకు వ్యవధి నీయవలెను. మూడవది, వినని యెడల బలము; అదియు మెట్టుమెట్టుగ. నీటిని వేగముతో చిమ్ము బండికి వరుణ యనియు, బాష్పవాయువు గుండ్లను వరుసగ ప్రయోగించు బండికి వజ్ర యనియు వీరు పేర్లు పెట్టుకొన్నారు. వానికిని లొంగనిచో లాఠీ. అన్నిటికిని కడపట, ప్రాణములు పోవు నపాయము కన్నులయెదుట నున్నపుడు మాత్రమే, మరల హెచ్చరించి, తుపాకి.

తుపాకిని గూర్చి పోలీసు నియమములు కఠినములు. ఆజ్ఞ లేక యెవ్వరును కాల్చరాదు. తలలపైగా గాలిలోనికి కాల్చరాదు. ఏలయన నా గుండు దూరమున మేడమీద నిలిచిన నిరపరాధికి తగులవచ్చును. గురి క్రిందికుండవలెను, మిక్కిలి యపాయకరముగ నున్న భాగమువైపే యుండవలెను. గుంపు వెనుదిరిగిన క్షణముననే యాపవలెను. గాయపడినవారికి వెంటనే చికిత్స చేయింపవలెను. కాల్చిన తూటాలకు లెక్క చెప్పవలెను.

ఇంతటి కట్టడి యేలనో తెలియుటకు మన చరిత్రములోని యొక దుర్దినమును తలచుకొన్న చాలును. 1919 ఏప్రిల్ 13న, వైశాఖి పండుగనాడు, అమృతసరములోని జలియనువాలాబాగులో నిరాయుధులైన జనులు కూడియుండిరి. జనరల్ డయ్యరు సైనికులతో వచ్చి, విడిపొమ్మని హెచ్చరింపకయే కాల్పించెను. ఆ తోటకు బయటికి దారులు మిక్కిలి యిరుకు. జనము పారిపోవుచున్నను కాల్పు లాగలేదు. దాదాపు పది నిమిషములలో 1650 తూటాలు పేలినవి. మృతులు 379 మందియని నాటి ప్రభుత్వపు లెక్క. అంతకంటె నెక్కువమందియే యని ప్రజల విశ్వాసము. హెచ్చరిక లేకపోవుట, పోవుటకు దారి లేకపోవుట, చెదరిన పిమ్మటను ఆపకపోవుట, ఈ మూడును నాటి పాపములు. ఆంగ్ల ప్రభుత్వము నియమించిన హంటరు సంఘమే డయ్యరు ముందుగ హెచ్చరింపమిని, కాల్పులు మితిమీరి సాగించుటను తప్పుపట్టినది. నేటి దళమునకు నేర్పు పాఠములో హెచ్చరిక, దారి, నిగ్రహము అను మూడును ముఖ్యములగుట యందువలననే.

ఈ మూడింటిలో దారిని గూర్చి కొంచెము చెప్పవలెను. చెరువు నిండి పొంగునపుడు తెలిసిన నీరటివాడు తూములు తెరచును గాని, మూసి కట్టపై నిలిచి నీటిని కొట్టడు. గుంపును నాలుగువైపుల మూసి కొట్టుటయు నట్టిదే. పోవుటకు దారిలేనివాడు తిరుగబడును, లేదా తొక్కిసలాటలో చచ్చును. కావున సమర్థుడగు నాయకుడు మొదట జనమే దారిని పోవలెనో నిర్ణయించి, ఆ దారిని తెరచియుంచి, తరువాతనే తన వరుసను ముందునకు నడిపించును.

బాష్పవాయువు నిజమునకు వాయువు కాదు. పొగతో గూడి వ్యాపించు సన్నని పొడి. అది కంటికి, ముక్కునకు, గొంతునకు మంట పుట్టించును. దీనిని మన దేశముననే తయారుచేయుటకు గ్వాలియరు చెంతనున్న టేకన్పూరులో సరిహద్దు భద్రతాదళమువారు 1976లో కర్మాగారము స్థాపించిరి. గాలి యెటువీచుచున్నదో చూచి దీనిని విడువవలెను. మూసిన గదులలో విడువరాదు. ఉబ్బసపు రోగులకును, పసిపిల్లలకును, వృద్ధులకును ఇది యెక్కువ హానికరము. ఎవరికైన తగిలినచో కన్నులు నలుపుకొనరాదు, గాలి వీచువైపునకు ముఖము పెట్టి మంచిచోటికి తొలగి, చల్లని నీటితో కన్నులను విరివిగ కడుగుకొనవలెను, బట్టలు మార్చుకొనవలెను.

ఈ సాధనములను ప్రాణము తీయనివని కొందరు చెప్పుదురు. ప్రాణము తీయుటకు తక్కువ యవకాశము గలవని చెప్పుట సత్యము. బాష్పవాయువు గుండు నేరుగ తలకు తగిలిన మనుష్యుడు చచ్చును. రబ్బరుగుండు కన్ను పోగొట్టును. లాఠీ తలపై పడిన బ్రతుకు పాడగును. అందుచేతనే నడుమునకు దిగువనే కొట్టవలెనని శిక్షణములో చెప్పుదురు. చేతిలోని వస్తువుకంటె దానిని పట్టిన మనస్సే ముఖ్యము.

ఆ మనస్సును గూర్చి పండితులు చాల విచారించిరి. ఫ్రాన్సు దేశపు గుస్తావ్ లెబాన్ 1895లో వ్రాసిన గ్రంథమున, మనుష్యుడు గుంపులో గలియగనే వివేకము గోల్పోయి పశుప్రాయుడగునని చెప్పెను. చిరకాలము పోలీసులును, ప్రభుత్వములును దీనిని వేదవాక్యముగ నమ్మిరి. అయితే 1980లో ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున జరిగిన యల్లరిని స్టీఫెన్ రైకర్ అను మనశ్శాస్త్రవేత్త పరిశీలించి, ఆ గుంపు పోలీసులపైనను, కొన్ని సంస్థలపైనను రాళ్లు రువ్వెనే గాని పేటలోని సామాన్యుల యిండ్ల జోలికి పోలేదనియు, పేట యెల్ల దాటలేదనియు కనుగొనెను. అనగా కోపించిన గుంపునకు సైతము తనదైన యొక న్యాయము, ఒక హద్దు గలవు. నూర్గురిలో పదిమంది రాళ్లు విసరగా నూర్గురిని కొట్టినయెడల, తక్కిన తొంబదిమందియు ఆ పదిమంది పక్షము చేరుదురు. ఆ పదిమందిని మాత్రము విడదీసినచో తొంబదిమందియు శాంతికి తోడ్పడుదురు. పొలములో కలుపు తీయువాడు పైరును పెరుకడు గదా!

ఈ హద్దులు మీరబడకపోలేదు. జమ్మూకాశ్మీరమునుండి వచ్చిన యొక వ్యాజ్యమున 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, జనము హింసకు దిగినపుడు పోలీసులు బలము నుపయోగించుట న్యాయమే యైనను, వారు లొంగిన పిమ్మటను కొట్టుట మితిమీరిన చర్య యని నిర్ణయించి, బాధితులకు పరిహార మిప్పించినది. గుంపును చెదరగొట్టుట పోలీసుల పని. శిక్షించుట న్యాయస్థానముల పని. ఈ రెండింటిని కలిపివేసిన పోలీసు, తాను గట్టిగ పనిచేసితినని యనుకొనవచ్చును గాని, రేపటి గుంపును నేడే విత్తినవాడగును.

ఇక కోపము లేని గుంపును గూర్చి. 2015 జూలై 14న, గోదావరి పుష్కరములు ప్రారంభమైన దినమున, రాజమహేంద్రవరములోని పుష్కరఘట్టమున తొక్కిసలాట జరిగి 27 మంది మరణించిరి. వారందరును స్నానమునకు వచ్చిన భక్తులే. ఎవరికి నెవరిపైనను పగలేదు. నిలుచుటకు చోటు చాలనపుడు ముందువానికి వెనుకవాని త్రోపు తెలియదు. వెనుకవానికి ముందువాని బాధ తెలియదు. చదరపు మీటరునకు అయిదారుగురు మించి చేరినచో మనుష్యుడు తన కాళ్లపై తాను నడువలేడు. నీటిలో బెండువలె కొట్టుకొనిపోవును. ఊపిరి యాడకయే పెక్కుమంది చనిపోవుదురు. ఇట్టిచోట లాఠీయు, బాష్పవాయువును కీడే గాని మేలు చేయవు. లోనికొక దారి, వెలుపలికి వేరొక దారి, చాలదూరముననే జనమును నిలిపి విడతలు విడతలుగ విడుచుట, అందరికిని వినబడునట్లు చెప్పుట, ఇవియే మందులు. మీ గ్రామపు జాతరకును ఈ సూత్రములే వర్తించును.

గ్రామపెద్దలారా, దళము నగరమునుండి వచ్చునప్పటికి గంటలు పట్టును. పుకారు ఊరంతయు తిరుగుటకు నిమిషములు చాలును. నేటి పుకారు చేతిలోని ఫోనులోనే ప్రయాణము చేయుచున్నది. కావున మొదటి శాంతిదళము మీరే. కలహపు వాసన తగిలినచో ఇరుపక్షముల పెద్దలును ఒకచోట కూర్చుండవలెను. విన్నమాట నిజమో కాదో కనుగొని, దండోరా వేయించియైన నిజము చెప్పింపవలెను. పడుచువాండ్రను వీధినుండి యింటికి పిలువవలెను. పోలీసులకు వేళకు కబురంపవలెను. శాంతికాలమున నీలిదుస్తుల దళమువారు వచ్చి యూరి సంగతులు అడిగినపుడు, ఒక పక్షమును మరుగుపరచక, ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఊరేగింపు జరుపదలచినచో దారిని, వేళను ముందుగ నధికారులకు తెలిపి, పసుపుగుడ్డ కట్టిన స్వచ్ఛందసేవకులను కొందరిని మీరే నియమించుకొనవలెను.

అటులనే, గుంపుపై అన్యాయముగ బలము ప్రయోగింపబడినదని మీకు తోచినచో, రాయి చేపట్టక, జరిగిన వేళను, తావును, గాయములను వ్రాసియుంచుకొని, మేజిస్ట్రేటునకును, మానవహక్కుల సంఘమునకును, న్యాయస్థానమునకును మొరపెట్టుకొనుటయే తగిన మార్గము. ప్రజ లడుగుచున్నంతకాలమే దళము తన హద్దును మరువదు.

తుపాకి పేలకుండ నిల్లు చేరిన గుంపును గూర్చి పత్రికలు వ్రాయవు. దానికి పతకములును లేవు. అయినను ఈ దళపు ప్రతిభకు నదియే కొలమానము. ఉదయమున కోపముతో వీధికెక్కినవాడు సాయంకాలమున తన బిడ్డలతో గలసి యన్నము తినునట్లు చేయుటకంటె శాంతిరక్షణమునకు వేరు ప్రయోజనము లేదు.